సాస్‌కి ఏ యాపిల్, బటర్‌కి ఏ యాపిల్

అమెరికాలో సెప్టెంబరు వచ్చిందంటే శని, ఆదివారాల్లో యాపిల్ తోటల దగ్గర తెలుగు మాటలు వినిపిస్తాయి. పిల్లలు చేతికందినవన్నీ కోస్తారు. సంచులు నిండుతాయి. ఇంటికొచ్చాక వారం తిన్నా తరగవు. అప్పుడు ఎవరో ఒకరు "సాస్ చేసేద్దాం" అంటారు. ఉన్నవన్నీ తరిగి గిన్నెలో వేసేస్తారు. చివరికి వచ్చేది ఒక్కోసారి నీళ్లనీళ్లగా, ఒక్కోసారి ఉడకని ముక్కలతో, చాలాసార్లు ఉత్త తీపిగా ఉంటుంది. వండడంలో లోపమేమీ లేదు. తినడానికి కోసుకొచ్చిన రకాన్ని పొయ్యి మీద పెట్టడం వల్ల వచ్చిన చిక్కు అది.

ఆవకాయ పెట్టేవాళ్లు బజారుకి వెళ్లి బంగినపల్లి అడగరు. కొత్తపల్లి కొబ్బరో, జలాలో, చిన్న రసాలో వెతుక్కుంటారు. కోసుకు తినే పండు వేరు, పచ్చడికి పనికొచ్చే కాయ వేరు అని మామిడి విషయంలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. యాపిల్‌లోనూ అంత తేడా ఉంది. ఆ తేడా తెలిసి కొంటే పంచదార దాదాపు అక్కర్లేకుండానే మంచి సాస్ వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకే రకంతో చేయకండి. రెండు మూడు రకాలు కలపండి. ఏవి కలపాలి, ఎందుకు కలపాలి అన్నదే కింద చెబుతున్నాను.

1. ముందు ఏది చేయాలో తేల్చుకోండి

యాపిల్ సాస్ అంటే ఉడికించి మెదిపిన గుజ్జు. పండు మెత్తబడగానే పని అయిపోతుంది. అందుకే త్వరగా ఉడికి, తనంతట తానే చితికిపోయే రకం కావాలి.

యాపిల్ బటర్‌లో వెన్న చుక్క కూడా ఉండదు. సాస్‌నే గంటల తరబడి సన్నసెగ మీద దగ్గరపడేదాకా మరిగిస్తే ముదురు గోధుమరంగులో, రొట్టె మీద రాసుకునేటంత చిక్కగా వచ్చేది అది. నీళ్లు ఇగిరేకొద్దీ పండులో ఉన్న తీపి, పులుపు, వాసన అన్నీ చిక్కబడతాయి. చప్పటి పండుతో మొదలుపెడితే చివరికి చప్పటి తీపే మిగులుతుంది. కాబట్టి బటర్‌కి ముక్క ఎంత త్వరగా మెత్తబడుతుందన్నది పెద్ద విషయం కాదు, ఎలాగూ గంటలు ఉడుకుతుంది. రుచిలో గాఢత, తక్కువ నీరు, బతికుండే పులుపు, ఈ మూడూ ఉంటే చాలు.

ఒక్కరోజులో రెండూ చేయాలనుకుంటే ముందు పెద్ద గిన్నెడు సాస్ చేసి, సగం తీసి పక్కన పెట్టి, మిగతా సగాన్ని బటర్‌గా మరిగించవచ్చు. అలాంటప్పుడు రకాలని రెండిటికీ సరిపోయేలా ఎంచుకోవాలి. జోనాథన్, గోల్డెన్ డెలిషియస్ జోడీ అందుకు బాగా కుదురుతుంది.

2. పండుని ఏ లెక్కన చూడాలి

మొదటిది, వేడికి కండ ఎలా విడిపోతుందన్నది. పండులోని కణాలని పెక్టిన్ అనే పదార్థం ఒకదానికొకటి అంటించి ఉంచుతుంది. ఉడికేటప్పుడు ఆ పట్టు సడలుతుంది. మెకింతోష్ లాంటి రకాల్లో పది పదిహేను నిమిషాల్లోనే అంతా విడిపోయి గుజ్జవుతుంది. గ్రానీ స్మిత్, ఫుజీ, హనీక్రిస్ప్ లాంటివి చాలాసేపు ముక్కలుగానే నిలబడతాయి.

రెండోది పులుపు. యాపిల్ పులుపు మాలిక్ ఆమ్లం వల్ల వస్తుంది. చెట్టు మీద పండేకొద్దీ, కోసి నిల్వ పెట్టేకొద్దీ ఇది తగ్గుతుంది. అందుకే అక్టోబరులో కోసిన పండుకి, అదే రకం మార్చిలో షాపులో దొరికే పండుకి రుచిలో అంత తేడా. నిల్వ పండ్లతో చేసేటప్పుడు నిమ్మరసం తప్పనిసరి అనుకోండి.

మూడోది వాసన. ఇది నోటికంటే ముక్కుతో తేలుతుంది. పండుని తొడిమ దగ్గర వాసన చూడండి. ఏ వాసనా లేని పండు ఉడికాక కొత్తగా వాసన తెచ్చుకోదు, ఎంత దాల్చినచెక్క వేసినా ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది.

ఇక తొక్క. ఎర్రతొక్కతో సహా ఉడికించి వడకడితే సాస్ లేత గులాబీ రంగులో వస్తుంది. మెకింతోష్, జోనాథన్, ఐడారెడ్ రకాలు ఇందుకు పేరుపడ్డవి. తొక్కలోనూ, గింజల చుట్టూ ఉండే గట్టి భాగంలోనూ పెక్టిన్ ఎక్కువ. వాటితో కలిపి ఉడికిస్తే సాస్ చిక్కగా ఉంటుంది.

3. రకాలు ఒక్కొక్కటిగా

ఇక్కడ కాస్త తీరిగ్గా చదవండి. తోటకి వెళ్లినప్పుడు పనికొచ్చేది ఈ భాగమే.

మెకింతోష్: సాస్‌కి ఒక్క రకమే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. 1811లో కెనడాలోని ఒంటారియోలో జాన్ మెకింతోష్ అనే రైతు తన పొలంలో చూసిన మొక్కల నుంచి వచ్చిన రకం. కండ తెల్లగా, మెత్తగా, రసంతో ఉంటుంది. పులుపు, తీపి రెండూ కనిపిస్తాయి. గరిటెతో రెండుసార్లు కలిపితే సాస్ అయిపోతుంది. న్యూయార్క్, న్యూ ఇంగ్లాండ్, మిషిగన్ తోటల్లో సెప్టెంబరు మధ్యకల్లా వస్తుంది. నిల్వ ఉంచితే త్వరగా పిండిపిండిగా తయారవుతుంది కాబట్టి కోసిన వారం పది రోజుల్లోనే వాడేయండి. నీరు ఎక్కువ కావడంతో బటర్‌కి దీన్ని ఒక్కదాన్నే వాడితే ఇగరడానికి చాలాసేపు పడుతుంది.

కోర్ట్‌లాండ్, ఎంపైర్: రెండూ మెకింతోష్ సంతానమే. రెండూ న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా పరిశోధన కేంద్రంలో పుట్టాయి. కోర్ట్‌లాండ్ 1915లో, ఎంపైర్ 1966లో బయటికి వచ్చాయి. కోర్ట్‌లాండ్ కోసిన ముక్క త్వరగా నల్లబడదు, అందుకని సాస్ తెల్లగా కావాలనుకునేవాళ్లకి మంచిది. ఎంపైర్ కొంచెం తియ్యన, మెకింతోష్ అయిపోయిందంటే దీన్ని తీసుకోండి.

జోనాథన్: న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ ప్రాంతంలో 1820ల నాటికే పేరు తెచ్చుకున్న పాత రకం. చిన్న పండు, ఎర్రటి తొక్క, చురుక్కుమనే పులుపు. సాస్‌కీ బటర్‌కీ రెండిటికీ పనికొస్తుంది. షాపుల్లో ఈమధ్య తక్కువగా కనిపిస్తుంది కానీ మిషిగన్, ఒహాయో తోటల్లో అడిగితే దొరుకుతుంది. దొరికితే వదలొద్దు. దీన్నీ గోల్డెన్ డెలిషియస్‌నీ కలిపి పుట్టించిన జోనాగోల్డ్ కూడా మంచిదే. పండు పెద్దది కాబట్టి తొక్క తీసే పని తగ్గుతుంది.

గోల్డెన్ డెలిషియస్: వెస్ట్ వర్జీనియాలోని క్లే కౌంటీలో ఒక పొలంలో దొరికిన రకం. 1914లో స్టార్క్ బ్రదర్స్ నర్సరీ కొన్నది. తియ్యగా, తేనె వాసనతో, పులుపు తక్కువగా ఉంటుంది. ఉడికితే పసుపురంగు సాస్ వస్తుంది. పంచదార వేయకూడదనుకునేవాళ్లు మిశ్రమంలో సగం దాకా దీన్ని వేసుకోవచ్చు. పచ్చగా ఉన్నది కాకుండా, తొక్క పసుపులోకి తిరిగినది ఎంచుకోండి.

రెడ్ డెలిషియస్: పేరు దగ్గరగా ఉన్నా గోల్డెన్‌కి దీనికి చుట్టరికం లేదు. ముదురు ఎరుపు, దళసరి తొక్క, చూపుకి అందంగా ఉంటుంది. వండితే ఆ అందం అక్కరకు రాదు. పులుపు తక్కువ, ఉడికాక చప్పన, తొక్క చేదెక్కుతుంది. ఇంట్లో మిగిలిపోతే మిశ్రమంలో నాలుగో వంతు మించకుండా వేయండి. సాస్ కోసమని ప్రత్యేకంగా కొనకండి.

గ్రానీ స్మిత్: 1868 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర మరియా యాన్ స్మిత్ అనే ఆవిడ తోటలో మొలిచిన మొక్క. ఏడాది పొడవునా, ఏ ఊళ్లోనైనా దొరికే పుల్ల యాపిల్ ఇదే. దీన్నొక్కదాన్నే ఉడికిస్తే పంచదార చాలా పడుతుంది. తియ్యటి రకాలకి పులుపు జోడించడానికి మాత్రం దీన్ని మించింది షాపులో లేదు.

గ్రావెన్‌స్టీన్: బే ఏరియాలో ఉన్నవాళ్ల అదృష్టం. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన సొనోమా కౌంటీలోని సెబాస్టపోల్ చుట్టుపక్కల తోటల్లో జులై చివర, ఆగస్టులో పండుతుంది. వాసన, పులుపు, తీపి మూడూ కుదిరిన పండు. ఎక్కువ రోజులు నిలవదు, దూరం రవాణా చేయలేరు. అందుకే బయట కనపడదు. మిశ్రమం అక్కర్లేకుండా ఒంటిగానే మంచి సాస్ ఇచ్చే కొద్ది రకాల్లో ఇదొకటి. పైన చెప్పిన "ఒకే రకంతో చేయకండి" అన్న మాటకి దీన్ని మినహాయింపు అనుకోండి.

స్టేమన్, వైన్‌సాప్, యార్క్ ఇంపీరియల్, నార్తర్న్ స్పై: ఇవి బటర్‌కి పెట్టింది పేరు. గట్టి కండ, ఘాటైన రుచి, అక్టోబరులో వస్తాయి. వైన్‌సాప్‌లో పేరుకి తగ్గట్టే ద్రాక్ష సారాయి ఛాయ ఉంటుంది. యార్క్ ఇంపీరియల్ ఒక పక్కకి ఒరిగినట్టుండే వంకర పండు. పెన్సిల్వేనియాలోని ఆడమ్స్ కౌంటీ చుట్టూ ఉన్న సాస్ ఫ్యాక్టరీలు తరతరాలుగా దీన్ని వాడాయి. పిల్లలు కోయడానికి ఇష్టపడని ఈ వంకర పండునే మీరు కోయండి.

హనీక్రిస్ప్, ఫుజీ, గాలా: మన ఇళ్లలో ఎక్కువగా కొనే పండ్లు ఇవే. హనీక్రిస్ప్‌ని మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1991లో విడుదల చేసింది. దాని కణాలు మామూలు యాపిల్ కంటే పెద్దవి, కొరికితే పగిలి రసం చిమ్ముతుంది. ఆ కరకర కోసమే అంత ధర. ఉడికిస్తే ఆ కరకరా పోతుంది, డబ్బూ పోతుంది, నీళ్లు మిగులుతాయి. దాన్ని తినేయండి. ఫుజీ, గాలా తియ్యటివి, పులుపు తక్కువ. గాలా త్వరగానే మెత్తబడుతుంది కాబట్టి తీపి కోసం వాడుకోవచ్చు, పక్కన గ్రానీ స్మిత్ ఉండాలి. ఫుజీ ఉడకడానికి సమయం తీసుకుంటుంది, దాన్ని సన్నగా తరగండి.

తోటలో బోర్డు మీద ఈ పేర్లేవీ కనపడకపోతే "సాస్‌కి ఏది బాగుంటుంది" అని అక్కడివాళ్లనే అడగండి. ప్రతి తోటలోనూ ఆ ఊరివాళ్లు ఏళ్లుగా వాడే ఒక రకం ఉంటుంది.

తోటలు దగ్గరలో లేని డాలస్, హ్యూస్టన్ వాళ్లు బెంగపడక్కర్లేదు. ఏ పెద్ద షాపులోనైనా దొరికే గోల్డెన్ డెలిషియస్ రెండు పాళ్లు, గాలా ఒక పాలు, గ్రానీ స్మిత్ ఒక పాలు కలపండి. మెకింతోష్ సంచి కనిపిస్తే గాలా బదులు అది వేయండి.

4. కొనేటప్పుడు

మూడు పౌన్ల పండ్లకి సుమారు ఒక క్వార్ట్, అంటే లీటరుకి కాస్త తక్కువ సాస్ వస్తుంది. బుషెల్ అంటే 48 పౌన్లు, అంటే దాదాపు 22 కిలోలు. దాంతో 14 నుంచి 19 క్వార్ట్‌ల సాస్ అవుతుంది. నలుగురున్న ఇంటికి మొదటిసారి అర బుషెల్ చాలు.

చాలా తోటల్లో "సెకండ్స్" పేరుతో వంకర పండ్లు, పైన మచ్చలున్నవి, చిన్న దెబ్బలు తగిలినవి తక్కువ ధరకి అమ్ముతారు. సాస్‌కి అవే కొనండి. తొక్క మీద గరుకు మచ్చ ఉన్నంత మాత్రాన లోపలి రుచి చెడదు. కుళ్లినవి మాత్రం వేరు. కుళ్లిన యాపిల్‌లో బూజు వల్ల పాట్యులిన్ అనే విషపదార్థం చేరవచ్చు, అది ఉడికించినా పూర్తిగా పోదు. కుళ్లిన చోటు వరకు కోసి మిగతాది వేసేద్దామనుకోకండి, పండు మొత్తం పారేయండి. నేల మీద రాలిన పండ్ల జోలికి కూడా వెళ్లకండి.

పండిందో లేదో చూడడానికి ఎరుపుని నమ్మకూడదు. ఎరుపు లేని చోట, అంటే తొడిమ చుట్టూ, అడుగున ఉండే రంగు చూడండి. ముదురు ఆకుపచ్చగా ఉంటే ఇంకా కాయే, పసుపులోకి తిరుగుతుంటే పండినట్టు. గ్రానీ స్మిత్‌కి ఈ లెక్క వర్తించదు. కోసి చూస్తే గింజలు గోధుమరంగులో ఉండాలి. పచ్చికాయలో పిండిపదార్థం ఇంకా చక్కెరగా మారి ఉండదు, దాంతో చేసిన సాస్‌కి వగరు అంటుకుంటుంది.

5. ఒక్క పండుతో పరీక్ష

బుషెల్ కొనేముందు ఒక్కో రకం నుంచి ఒక్కో పండు తెచ్చుకోండి. తొక్క తీసి, ముక్కలు కోసి, చెంచాడు నీళ్లు పోసి, మూత వదులుగా పెట్టి మైక్రోవేవ్‌లో మూడు నిమిషాలు ఉంచండి. ఫోర్క్‌తో నొక్కండి. చితికి గుజ్జయితే సాస్ పండు. ముక్కలు అలాగే నిలబడితే బటర్ పండు, లేదా 'పై' (pie) అనే పిండివంటకి పనికొచ్చే పండు. చల్లారాక పంచదార లేకుండా రుచి చూడండి. అదే మీ సాస్ రుచి. పచ్చిపండు కొరికితే తెలియని చప్పదనం ఇక్కడ బయటపడుతుంది. రెండు గిన్నెల్లోంచి చెరో చెంచా తీసి కలిపి చూస్తే ఏ పాళ్లలో కలపాలో కూడా అప్పుడే తేలిపోతుంది.

6. సాస్ వండడం

తియ్యటి రకం మూడు పౌన్లు తీసుకుంటే పుల్లటి రకం ఒకటి నుంచి రెండు పౌన్లు కలపండి. నాకు నచ్చిన పాళ్లు: మెకింతోష్ రెండు పాళ్లు, గోల్డెన్ డెలిషియస్ ఒక పాలు, జోనాథన్ ఒక పాలు. జోనాథన్ లేకపోతే గ్రానీ స్మిత్.

అల్యూమినియం గిన్నె, పూత లేని ఇనప మూకుడు వద్దు, పులుపుకి అవి స్పందిస్తాయి. దళసరి అడుగున్న స్టీలు గిన్నె తీసుకోండి. ఆరు పౌన్ల ముక్కలకి ఒక కప్పు నీళ్లు చాలు. ఎక్కువ పోస్తే తర్వాత ఇగరబెట్టలేక అవస్థ పడతారు.

గట్టి రకాన్ని ముందు వేసి మూతపెట్టి పది నిమిషాలు ఉడకనివ్వండి. ఆ తర్వాత మెత్తటి రకం వేయండి. అన్నీ ఒకేసారి వేస్తే మెకింతోష్ కరిగిపోయి అడుగంటుతుంది, గ్రానీ స్మిత్ పైన ముక్కలుగా తేలుతుంటుంది. రకాలు కలిపేటప్పుడు తరచూ వచ్చే ఇబ్బంది ఇదే. మధ్యమధ్యలో అడుగు నుంచి కలుపుతూ, అంతా మెత్తబడగానే దించేయండి.

గులాబీ రంగు కావాలంటే తొక్కతోనే ఉడికించి, చేత్తో తిప్పే ఫుడ్ మిల్‌లో వేసి వడకట్టండి. తొక్క, గింజలు పైన ఉండిపోతాయి. ఫుడ్ మిల్ లేకపోతే తొక్క, గింజలు ముందే తీసేసి, ఉడికాక పప్పుగుత్తితో మెదపండి. పప్పుగుత్తితో చేసిన సాస్‌లో చిన్న చిన్న పలుకులు మిగులుతాయి, నాకైతే అదే ఇష్టం. గింజలతో సహా మాత్రం మిక్సీలో తిప్పకండి. యాపిల్ గింజలు నలిగితే సైనైడ్ విడుదల చేసే పదార్థం బయటికి వస్తుంది, చేదు కూడా.

పంచదార ఆఖర్న, రుచి చూశాకే. అప్పుడే దించిన సాస్ కంటే చల్లారాక తీపి తక్కువగా అనిపిస్తుంది. కాబట్టి చెంచాడు తీసి చల్లార్చి చూడండి. చప్పగా ఉందనిపిస్తే ముందు నిమ్మరసం వేసి చూడండి. చాలాసార్లు లోటు పులుపుదే అయి ఉంటుంది.

చంటిపిల్లల కోసమైతే గోల్డెన్ డెలిషియస్ పాలు పెంచి, పంచదార, మసాలా ఏవీ వేయకుండా మెత్తగా చేయండి. ఏడాది లోపు పిల్లలకి తీపి కోసం తేనె అసలు కలపకండి. గుడ్డు తినని ఇళ్లలో కేకుల కోసం కూడా ఈ తీపి లేని సాసే వాడతారు, ఒక గుడ్డుకి బదులు పావు కప్పు.

7. బటర్ చేయడం

అమెరికాలో దీనికి పేరున్నది పెన్సిల్వేనియా డచ్ వాళ్ల ఊళ్లు. జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు వాళ్లు. పెద్ద రాగి కాగుల్లో యాపిల్ రసాన్ని ముందు మరిగించి, తరిగిన ముక్కలు వేసి, పొడుగాటి కర్ర గరిటెతో ఊరంతా వంతులవారీగా రోజంతా కలిపేవాళ్లు. పంచదార బదులు ఆ మరిగిన రసమే తీపినిచ్చేది. ఇంట్లోనూ అదే సూత్రం పాటించండి. నీళ్లకి బదులు యాపిల్ సైడర్ పోసి ఉడికించండి. అక్కడ సైడర్ అంటే పులియని, వడకట్టని తాజా యాపిల్ రసం. శరదృతువులో ప్రతి తోటలోనూ దొరుకుతుంది.

పండ్ల పాళ్లు: స్టేమన్ లేదా వైన్‌సాప్ సగం, గోల్డెన్ డెలిషియస్ పావు, జోనాథన్ లేదా నార్తర్న్ స్పై పావు. షాపు పండ్లతోనైతే గోల్డెన్ డెలిషియస్, గ్రానీ స్మిత్ సమపాళ్లలో. పులుపు కూడా చిక్కబడుతుంది కాబట్టి బటర్‌లో గ్రానీ స్మిత్ సగానికి మించనివ్వకండి.

సాస్‌లాగే మెత్తగా ఉడికించి వడకట్టండి. ఆ గుజ్జుని సన్నసెగ మీద, మూత తీసి మరిగించండి. చిక్కబడేకొద్దీ చిట్లి చేతుల మీద పడుతుంది, పొడుగు గరిటె వాడండి. పక్కనే నిలబడడం కుదరకపోతే స్లో కుక్కర్‌లో వేసి, ఆవిరి పోయేలా మూత ఓరగా పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి రంగు మారి, సగానికి సగం ఇగిరి ఉంటుంది. నాణ్యతలో తేడా ఏమీ రాదు, అడుగంటుతుందన్న టెన్షన్ ఉండదు.

పంచదార, మసాలాలు సగం ఇగిరాక వేయండి. ముందే వేస్తే పంచదార మాడుతుంది, లవంగం ఘాటు మితిమీరుతుంది. దాల్చినచెక్క పొడి ప్రధానం, లవంగం అందులో సగానికి మించకూడదు. యాలకుల పొడి చిటికెడు వేస్తే మన ఇంటి రుచి వస్తుంది, కానీ వైన్‌సాప్ లాంటి వాసనున్న పండుతో చేస్తే యాలకులు మానేయండి, పండు వాసన అణగిపోతుంది. బెల్లం కూడా బాగుంటుంది, రంగు ఇంకా ముదురుతుంది. బెల్లంతో చేసినది ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో పెట్టుకోండి.

అయిందో లేదో తెలుసుకోవడానికి చెంచాడు తీసి, ఆవిరికి దూరంగా రెండు నిమిషాలు పట్టుకోండి. కుప్పలా నిలబడితే అయినట్టు. లేదా చల్లటి పళ్లెంలో చుక్క వేయండి. చుట్టూ నీరు ఊరి గీతలా కనిపిస్తే ఇంకా మరగాలి. చల్లారాక ఇంకొంచెం గట్టిపడుతుంది కాబట్టి గరిటె నిటారుగా నిలబడేదాకా ఆగకండి.

పిల్లలకి చపాతీలో చుట్టి ఇవ్వడానికి, దోశ మీద రాయడానికి ఇది జామ్ కంటే నయం.

8. సీసాల్లో పెట్టడం

ఫ్రిజ్‌లో సాస్ వారం పది రోజులు ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లు డబ్బాలో పైన కాస్త ఖాళీ వదలండి, గడ్డకడితే పొంగుతుంది. బయట అల్మరాలో నెలల తరబడి ఉంచాలంటే మాత్రం మరిగే నీళ్లలో సీసాలు ముంచి ఉడికించే పద్ధతి సరిగ్గా పాటించాలి. మన ఊరగాయలకి నూనె, ఉప్పు కాపలా కాస్తాయి. ఇక్కడ ఆ రెండూ లేవు.

వేడి సీసాల్లో వేడి సాస్ నింపి, పైన అర అంగుళం ఖాళీ వదలండి. బటర్‌కి పావు అంగుళం. సముద్రమట్టం నుంచి 1,000 అడుగుల లోపు ఊళ్లలో సాస్ పింట్ (అర క్వార్ట్) సీసాలకి 15 నిమిషాలు, క్వార్ట్ సీసాలకి 20 నిమిషాలు. బటర్ పింట్ సీసాలకి 5 నిమిషాలు. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి సమయం పెంచాలి. 5,000 అడుగులు దాటిన డెన్వర్‌లో అయితే సాస్ పింట్‌కి 20, క్వార్ట్‌కి 30, బటర్ పింట్‌కి 10 నిమిషాలు. మర్నాడు మూతల మధ్య నొక్కి చూడండి. టక్‌మని కదిలితే ఆ సీసా ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

9. హైదరాబాదులో, విజయవాడలో చేసుకునేవాళ్లకి

మన పండ్ల బజార్లకి వచ్చే సిమ్లా, కశ్మీర్ యాపిల్‌లో ఎక్కువ భాగం రెడ్ డెలిషియస్ కుటుంబమే. రాయల్ అని అమ్మేది అదే. ఫిలడెల్ఫియా నుంచి వచ్చి సిమ్లా దగ్గర కోట్‌గఢ్‌లో స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్ 1916లో అమెరికా నుంచి ఈ మొక్కలు తెప్పించి నాటాడు. హిమాచల్ యాపిల్ సాగు పెద్దదైంది అక్కడి నుంచే. తినడానికి బాగున్న పండు, సాస్‌కి ఒంటరిగా సరిపోదు.

రెండు దారులున్నాయి. హిమాచల్ తోటల్లో పరాగసంపర్కం కోసం రాయల్ చెట్ల మధ్య గోల్డెన్ డెలిషియస్ చెట్లు కూడా నాటుతారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ పసుపు పండ్లు మన బజార్లకీ వస్తాయి. ఎరుపు లేదని చాలామంది వాటిని పక్కన పెడతారు. మీరు అవే తీసుకోండి, రాయల్‌తో సమంగా కలపండి. రెండోది, సూపర్‌మార్కెట్లో గ్రానీ స్మిత్ రెండు మూడు పండ్లు కొని, కిలో రాయల్‌కి పావుకిలో చొప్పున వేయండి. అదీ దొరకకపోతే కిలోకి ఒక నిమ్మకాయ రసం పిండండి. రాయల్ తొక్క దళసరి, పైగా మైనం పూత ఉండొచ్చు కాబట్టి తొక్క తీసేసే వండండి. గులాబీ రంగు ఆశ ఇక్కడ వదులుకోవాలి.

యాపిల్ బటర్‌కైతే రాయల్ మరీ నిరాశపరచదు. గంటల తరబడి మరిగితే దాని తీపి చిక్కబడుతుంది, నిమ్మరసం, లవంగం మిగతాది చూసుకుంటాయి. కిలో పండ్లకి అర కప్పు నీళ్లు, ఒక నిమ్మకాయ, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్కతో కుక్కర్‌లో రెండు విజిళ్లు రానిచ్చి, మసాలాలు తీసేసి, మెదిపి, దళసరి గిన్నెలో దగ్గరపడేదాకా కలపండి. చిన్న మొత్తం కాబట్టి గంటన్నరలోపే అవుతుంది. చల్లారాక తడిలేని గాజుసీసాలో నింపి, పండ్ల రకాలు, పాళ్లు, తేదీ కాగితం మీద రాసి అతికించి, ఫ్రిజ్‌లో పెట్టండి.